ముందు కెమెరా

చేతిలో ఉన్న డబ్బుకి ఒక్కటే వస్తుంది. గేటుకి కెమెరా, లేదంటే గేటు తెరుచుకోగానే ఫోనుకి కబురు చేసే తాళం.

తాళమే ముందంది భార్య. ఇద్దరూ పనికి పోతే ఇంట్లో ఉండేది ఆమె తల్లి ఒక్కతే. ఆవిడకి మతి నిలకడ లేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు.

కెమెరాయే ముందన్నాడు అల్లుడు. ఎదురుగా బస్‌స్టాపు బెంచీ మీద టోపీవాడొకడు రోజంతా కూర్చుంటున్నాడు. ఎన్ని బస్సులొచ్చినా ఎక్కడు. కళ్ళన్నీ ఈ ఇంటి మీదే.

"మీ అమ్మని ఎవడెత్తుకుపోతాడే? తాళం వచ్చే నెల చూద్దాం."

 

కొత్త మొహం కనబడితేనే ఫొటో పంపుతుందా కెమెరా. పెట్టిన మర్నాడే ఫోనుకి ఫొటో వచ్చింది. టోపీవాడి చెయ్యి గేటు గొళ్ళెం మీద ఉంది.

వెనకా ముందూ చూడలేదు. పని ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తుకొచ్చాడు. వాడు బెంచీ మీద తాపీగా కూర్చునున్నాడు.

"మీ గొళ్ళెం సరిగ్గా పడట్లేదు బాబూ. లోపల పెద్దావిడ..."

"మా గొళ్ళెంతో నీకేం పని? ఇంకోసారి ఈ చుట్టుపక్కల కనబడితే పోలీసులతో చెప్పుకుందువుగాని."

టోపీవాడు ఏదో చెప్పబోయి, మానుకుని, లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం భార్యకి ఫొటో చూపించి మీసం మెలేశాడు. కంచం ముందు కూర్చుని అత్తగారు మళ్ళీ మొదలుపెట్టింది, తమ్ముడొచ్చాడనీ, చెయ్యి పట్టుకుని నడిపించాడనీ. రోజూ ఉండే పాటే. ఆ తమ్ముడు పోయి ఎన్నేళ్ళయిందో.

"ఈసారి వస్తే టీ తాగి వెళ్ళమనండి" అన్నాడు అల్లుడు.

మర్నాడు భార్య ఇంటికొచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. వరండాలో అమ్మ కూర్చునే కుర్చీ ఖాళీ. చెప్పులు మాత్రం కుర్చీ కిందే ఉన్నాయి.

కబురందుకుని అల్లుడూ వచ్చాడు. ఇద్దరూ వీధులన్నీ గాలించారు. చూశామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఎటు పోయిందో కనబడుతుందేమోనని భార్య అతని ఫోను లాక్కుని కెమెరా తీసిన వీడియోలు తిప్పింది. తొందరలో నిన్నటిది తెరుచుకుంది.

అమ్మ వట్టి కాళ్ళతో గేటు దాటి రోడ్డు మీదకి పోతోంది. కాసేపటికి టోపీవాడు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టాడు. బయటికొచ్చి గొళ్ళెం వేసి, పడిందో లేదోనని లాగి చూశాడు.

ఉండిపోరా తమ్ముడూ, అంటోంది ఆవిడ.

"ఎదురుగానే ఉంటాలే అక్కా."

భార్య ఫోను అతని చేతిలో పెట్టింది.

అల్లుడు తలెత్తి రోడ్డవతలికి చూశాడు.

వచ్చే నెల కొందామన్న తాళం, నిన్నటిదాకా ఆ బెంచీ మీదే కూర్చునుంది.