నామం పెట్టిన కట్టెలు

"మళ్ళీ పోయినాయే, ఇందూ! నామం పెట్టిన కట్టెను గూడా వదల్లేదు, దొంగ సచ్చినోడు!"

పెరట్లోంచి శేషాచార్యులు పెట్టిన కేకకు గోడ మీది పిల్లి దూకి పారిపోయింది గానీ, లోపల ఇందుమతి ముసుగు తీయలేదు. అప్పటికే ఆయన చీకటితో లేచి, స్నానం చేసి, గుడిలో స్వామిని మేలుకొలిపి, పొంగలి నైవేద్యం పెట్టి ఇంటికి వచ్చాడు. భార్య ఇంకా నిద్రలోనే ఉంది.

"ధనుర్మాసంలో పొద్దెక్కిందాకా నిద్రేందే? ఆచార్లింటి ఆడదానివి!"

"ఒళ్లు నొప్పులండీ" అంటూ ఆవులిస్తూ లేచింది. ఈ నెలంతా ఆమెది ఇదే వరస. ఆకుకూర వలుస్తూ కునుకు, కుక్కర్ ముందు కునుకు.

జమ్మలమడుగు వాళ్లకు ఎండలు కొత్తగాదు, చలే కొత్త. ఈ ఏడు పెన్న మీదినుంచి వచ్చే గాలి ఎముకలు కొరికేస్తోంది. సీసాలో కొబ్బరినూనె రాయయింది. పెరుగు తోడుకోవడం లేదని ఇందుమతి గిన్నెకు శాలువా చుట్టి బియ్యం డబ్బాలో దాస్తోంది. ఊళ్లో మగవాళ్లంతా కోతిటోపీలు పెట్టుకుని ఒకరినొకరు గుర్తుపట్టలేక తిరుగుతున్నారు.

ఇంత చలిలోనూ శేషాచార్యులకు నెల్లాళ్లూ చన్నీళ్ల స్నానమే. వాళ్ల తాత చేశాడు, నాయన చేశాడు. మడి నీళ్లు ఇంకొకరు ముట్టకూడదని సాయంత్రమే తానే బావిలోంచి తోడి, స్నానాల గదిలోని బండల తొట్టి నింపుకుంటాడు. నిరుడు ఇదే నెలలో ఊపిరితిత్తులకు నిమ్ము చేరి, చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. "ఈసారి చన్నీళ్లు పోసుకుంటే మా చేతిలో ఉండదమ్మా" అని డాక్టరు ఇందుమతిని పక్కకు పిలిచి చెప్పాడు. ఆమె ఏడ్చింది, అలిగింది, రెండు పూటలు అన్నం మానేసింది.

"చన్నీళ్లు మానిన దినమే గుడి తాళాలు ఇచ్చేస్తా" అన్నాడాయన. ఇస్తాడు కూడా. ఆ గుడి లేకపోతే ఆ మనిషి లేడు. దాంతో ఆమె నోరు మూసుకుంది. దారికొచ్చిందిలే అనుకున్నాడు.

"చూస్తివా, ఈయేడు తుమ్ము గూడా రాలేదు" అన్నాడు కాఫీ తాగుతూ. "మొదటి చెంబు ఎత్తేటప్పుడు గుండె దడదడమంటాది. పోసుకున్నాక ఏమీ ఉండదు. ఒళ్లే అలవాటు పడిందో, స్వామే కాపాడుతాండాడో!"

"స్వామేలెండి" అంది ఇందుమతి ఇంకోసారి ఆవులిస్తూ.

ఆయన బాధంతా కట్టెల గురించే. గుడి పొంగలికని దింపించిన తుమ్మకట్టెలు రోజూ రాత్రికి రాత్రి తరిగిపోతున్నాయి. పై వరసకు నామం సుద్దతో గీత గీసి పెట్టాడు. తెల్లారేసరికి గీత ఉన్న కట్టెలే మాయం. స్వామికి నామాలు పెట్టే తనకే ఎవడో నామం పెడుతున్నాడని కుతకుతలాడిపోయాడు. స్నానానికి లేచినప్పుడల్లా పొగ వాసన కూడా వస్తోంది. పక్కింట్లో పరుపులు కుట్టే అమీర్ బాషా వీధిలో చలిమంట వేస్తాడు. ఇంకేం కావాలి?

"ఏమప్పా బాషా, నీ మంటకు కట్టెలు యాడివి?" అని ఆ రోజు అడిగేశాడు.

"కట్టెలేంది సామీ? పాత దూది, చింపిరి గోతాలు." బాషాకు అర్థమై ముఖం మాడిపోయింది. "ఇన్నేండ్లు గోడ పక్కన గోడగా ఉండాము. ఈ మాట అంటావనుకోలేదు సామీ."

ఆ తర్వాత బాషా ఇటువైపు తల తిప్పలేదు. ఇందుమతికి చాలా బాధ కలిగింది.

"ఆయన్నెందుకంటిరి? పోతే పోయినాయి. చలికి ఎవురికో పనికొస్తాండాయిలే."

"దొంగకు నువ్వు వకీలువా?"

ఆమె పప్పు కడగడానికి లోపలికి పోయింది.

నాలుగు రోజులకు ప్రొద్దుటూరు నుంచి ఫోను. ఇందుమతి అక్క కాలు జారి పడిందట. సాయంత్రం సంచి సర్దుకుని కూడా ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది.

"రేపొక్క దినం ఎండొచ్చినాక స్నానం చేయండి. స్వామి ఏమీ అనుకోడు."

"ఇన్ని దినాలుగా చేస్తాండా గదా, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది నీకు?"

ఏదో చెప్పబోయి మింగేసింది. "పోనీ కాసిని వేణ్ణీళ్లు..."

"ఇందూ! బస్సు పోతాది."

"శానా మొండోళ్లు మీరు" అని కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి చలి ఇంకా ముదిరింది. శేషాచార్యులు కట్టెల మీద నామం గీత కొత్తగా గీసి, తొట్టి నింపి పడుకున్నాడు. చీకటితో లేచి టార్చి వేసుకుని నేరుగా కట్టెల దగ్గరికే పోయాడు. గీత చెక్కు చెదరలేదు. ఒక్క పుల్ల పోలేదు. పొగ వాసన కూడా లేదు.

"అడిగితే గానీ బుద్ధి రాలేదు బాషాకు!" అని నవ్వుకున్నాడు. ఇందుమతి రాగానే చెప్పాలి, దొంగ దొరికిపోయాడని. ఆ హుషారులో దడ కూడా మరిచిపోయి, తొట్టిలో చెంబు ముంచి, "గోవిందా!" అంటూ నెత్తిన కుమ్మరించుకున్నాడు.

నీళ్లు చల్లగా ఉన్నాయి.