రెండు మిల్లీమీటర్లు

“ఈ మెడ చూడు, ముల్లంగి దుంపలా ఎలా ఉందో! రెండు మిల్లీమీటర్లు చెక్కెయ్” అన్నాడు ముసలాయన.

ఇనగాకి చటుక్కున గిటారుకి చెయ్యి అడ్డం పెట్టాడు.

బల్ల మీద ఉన్నది యాభై ఏళ్ళ నాటి ఎలక్ట్రిక్ గిటారు. ఈ మత్సుమోతో ఊళ్ళోనే, ఎప్పుడో మూతబడిన ఫ్యాక్టరీలో పుట్టింది. ఇలాంటివాటి మీద పిచ్చితోనే ఇనగాకి టోక్యో వదిలి వచ్చి ఇక్కడ మరమ్మతు దుకాణం పెట్టుకున్నాడు.

“చెక్కడమా? ఫురిహతా గారూ, ఇలాంటి మెడ ఇప్పుడు వెతికినా దొరకదండీ!”

“దొరక్కపోతే పీడా పోయింది. మా ఆవిడవి చిన్న చేతులు. దీని చుట్టూ వేళ్ళు తిరగవు.”

“మెడ మీది మెట్లు అరిగాయి, కొత్తవి వేస్తాను. తీగలు బిగించే బిరడాలు మార్చి మంచివి పెడతాను. లోపల ఆ గురగుర మోత కూడా ఆపేస్తాను. మెడ మాత్రం...”

“మెడ కోసమే వచ్చాను బాబూ. ఇన్నేళ్ళూ రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అన్నాను. ఇంక అనలేను.”

మర్నాడు పొద్దున్నే మళ్ళీ దిగాడు.

“చెక్కావా?”

“మెట్లు పీకుతున్నానండి.”

ఆ మర్నాడూ అంతే.

“చెక్కావా?”

“లోపలి వైర్లు మారుస్తున్నానండి.”

ఇనగాకికి కాలు నిలవడం లేదు. తినడానికి తెచ్చుకున్న సోబా నూడుల్స్ గిన్నెలోనే నానిపోతున్నాయి. చిత్రిక చేతిలోకి తీసుకుంటాడు, మెడ వంక చూస్తాడు, మళ్ళీ కింద పెట్టేస్తాడు.

నాలుగో రోజు ముసలాయన మెడ మీద బొటనవేలు ఆనించి పై నుంచి కిందికి జరిపాడు.

“ఇదిగో, ఐదో మెట్టు కింద ఉబ్బు. చెక్కినవాడికి కంగారెక్కువ.”

ఇనగాకికి ఒళ్ళు మండింది.

“చెక్కినవాణ్ణి ఏమీ అనకండి! ఆయనది దేవుడి చెయ్యి. అసలు గిటార్ల సంగతి మీకేం తెలుసు?”

అనేశాక నాలిక కరుచుకున్నాడు.

ముసలాయనకి కోపం రాలేదు. చెవి గోక్కుంటూ నవ్వాడు.

“దేవుడంటే మరీ ఎక్కువైపోతుందేమో బాబూ. సర్లే, చెక్కుతానని మాటివ్వు. నిన్నింక విసిగించను.”

“సరే. చెక్కుతాను” అన్నాడు ఇనగాకి, ఎలాగోలా వదిలించుకోవాలని.

అన్నట్టే ముసలాయన మళ్ళీ రాలేదు.

విసిగించేవాడు లేకపోతే పని నిదానంగా సాగాలి. కానీ తలుపు చప్పుడైతే చాలు, ఇనగాకి ఉలిక్కిపడుతున్నాడు. కొత్త మెట్లు కొట్టాడు, అంచులు నున్నగా రుద్దాడు. కొత్త బిరడాలు బిగించాడు. లోపలి గూడుకి రాగిరేకు అంటించేసరికి మోత ఆగిపోయింది.

మెడ దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడలేదు. మూడుసార్లు చిత్రిక పట్టాడు, మూడుసార్లూ దించేశాడు.

‘దీని విలువ ముసలాయనకి తెలియదు. నాకు తెలుసు కదా’ అనుకుని, మెడని గుడ్డతో తుడిచి తీగలు ఎక్కించేశాడు.

పన్నెండో రోజున ఒక పొట్టి పెద్దావిడ వచ్చింది.

“ఫురిహతా భార్యనండీ. ఆయన మొన్న బుధవారం ఆసుపత్రిలో కాలం చేశారు. గిటారు సిద్ధంగా ఉంటుంది, తెచ్చుకో అని పోయేముందు చెప్పారు.”

ఇనగాకి గబుక్కున లేచి నడుం వంచి నమస్కరించాడు. గిటారు తెచ్చి, యాంప్లిఫయర్‌కి తగిలించి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఆమె తీగలు మీటింది. గది నిండా గంట కొట్టినట్టు మోగింది. ఆమె ముఖం వెలిగింది.

ఎడమ చేత్తో మెడ పట్టుకోబోయింది. వేళ్ళు సగంలోనే ఆగిపోయాయి. ఇంకోసారి సాగదీసింది. అందలేదు.

“చెక్కలేదా?”

“క్షమించండమ్మా. మాటిచ్చాను, కానీ చేతులు రాలేదు. దీన్ని చెక్కినవాడు మామూలు పనివాడు కాదు. ఆయన పని మీద చిత్రిక పెట్టడానికి నేనెంతవాణ్ణి అనిపించింది.”

ఆమె అరచేత్తో ఆ మెడని మెల్లగా నిమిరింది.

“పద్దెనిమిదేళ్ళప్పుడు కొనుక్కున్నానండీ ఇది. చెయ్యి అందక ఏడుపొచ్చి, ఫ్యాక్టరీకి తిడుతూ ఉత్తరం రాశాను. వారం తిరక్కుండా మెడ చెక్కిన కుర్రాడే మా గుమ్మంలోకొచ్చాడు, తప్పు నాదే, ఎప్పటికైనా సరిచేసి ఇస్తానంటూ.”

ఆమె గిటారుని సంచీలో పెట్టుకుంది.

“ఆ కుర్రాణ్ణే పెళ్ళి చేసుకున్నాను.”