వారానికో మాత్ర

“నిజం చెప్పండి మూర్తిగారూ. మళ్ళీ మొదలెట్టారా?”

ఏలూరులో చర్మవ్యాధుల డాక్టరు ఉదయశ్రీ రక్తపరీక్ష కాగితం బల్ల మీద పెట్టి అడిగింది.

“లేదండీ. మీరు మాత్రలు రాసిన రోజే తాగుడు మానేశాను. ఎనిమిది నెలలైందండీ,” అన్నాడు నరసింహమూర్తి.

ఆ మాట చెప్పుకోవడం అతనికి ఎప్పుడూ గర్వంగానే ఉండేది. ఇవాళ మాత్రం అది సంజాయిషీలా వినిపించింది. పక్క కుర్చీలో భార్య జగదాంబ తల వంచుకుని కూర్చుంది.

తాడేపల్లిగూడెంలో అతనిది బట్టల కొట్టు. సోరియాసిస్ చేతులకు పాకిన రెండేళ్ళూ, చీర మడత విప్పబోతే కొనడానికొచ్చినవాళ్ళు, “మీరొద్దులెండి, ఆ అమ్మాయి చూపిస్తుంది,” అనేవారు. అతను ముట్టుకున్న చీర పక్కకి నెట్టి ఇంకోటి అడిగేవారు. ఆ సిగ్గుతోనే తాగుడు మొదలైంది. వారానికోసారి వేసుకునే ఈ మాత్రలతో పొట్టు రాలడం ఆగింది. చేతులు నునుపు తేలాయి. ఇప్పుడు పొట్టిచేతుల చొక్కా వేసుకుని, తనే చీరలు పరుస్తున్నాడు.

“లివర్ బాగా దెబ్బతింటోందండీ. పోయిన నెల డోసు తగ్గించినా ఫలితం లేదు. ఆకుపసర్లు, పొడులు ఏమైనా వాడుతున్నారా?”

“మీ మందులు తప్ప ఏమీ లేవండీ.”

“తాగుడూ లేదు, వేరే మందూ లేదంటే ఈ మాత్రలే మీకు పడట్లేదన్నమాట. ఇక పూర్తిగా ఆపెయ్యాలి. తాగుడు వల్లే అయితే, అది మాని లివర్ కుదుటపడ్డాక మళ్ళీ వాడి చూడొచ్చు. అందుకే అడుగుతున్నాను.”

నరసింహమూర్తి తన చేతుల వంక చూసుకున్నాడు. మళ్ళీ ఆ పొట్టు, ఆ చూపులు. భార్య తన తరఫున ఒక్క మాటైనా అంటుందేమోనని చూశాడు. ఆమె తల ఎత్తలేదు. కట్టుకున్న మనిషే నమ్మనప్పుడు ఇంకెవరు నమ్ముతారు?

“తాగుతున్నానండీ,” అన్నాడు నేలచూపులు చూస్తూ. “ఇంట్లో తెలీకుండా. ఇకనించి ముట్టనండీ. మాత్రలు మాత్రం పూర్తిగా ఆపకండి.”

చెయ్యని తప్పు ఒప్పుకున్నందుకు చెవులు వేడెక్కాయి. డాక్టరు నిట్టూర్చి కలం అందుకుంది.

జగదాంబ గభాల్న లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

“రాయకండి డాక్టరుగారూ. ఆయన తాగట్లేదు,” అంది.

“తాగుడు మాన్పించే పొడి రోజూ నేనే ఆయన మజ్జిగలో కలుపుతున్నానండీ.”