బండి దిగిన మనిషి

జేసీబీ తొండం ఒక్క ఊపు ఊగేసరికి పోచమ్మ ఇల్లు కూలిపోయింది.

పొయ్యి మీది అన్నం గిన్నె దొర్లుకుంటూ వచ్చి వాకిట్లో పడింది. దానికోసం పరిగెత్తబోయిన పోచమ్మను ఒక కానిస్టేబులు జుట్టు పట్టి వెనక్కి ఈడ్చాడు.

"ముసలామె సార్, ఇడ్సిపెట్టున్రి," అంటూ పరుశురాం అడ్డం వెళ్ళాడు.

లాఠీ అతని వీపు మీద పడింది.

పరుశురాం ఆ బస్తీవాడు కాదు. తార్నాకలో యూనివర్సిటీ గోడకూ రైలు పట్టాలకూ నడుమ ఇరుక్కున్న ఆ బస్తీకి మొదట సోషల్ వర్క్ విద్యార్థిగా వచ్చాడు. చదువు అయిపోయింది గాని అతను బస్తీని వదల్లేదు. ఆడవాళ్ళను కూడగట్టి, ఆఫీసుల చుట్టూ తిప్పి నల్లా తెప్పించాడు. మరుగుదొడ్లు కట్టించాడు. నిరుడు వాళ్ళే ఇటుకలు మోసి పిల్లలకు బాలవాడి కట్టుకున్నారు.

జేసీబీ ఇప్పుడు ఆ బాలవాడి ముందుకు వచ్చింది.

"పిల్లలంతా బయటికొచ్చిన్రా?" అని అరిచాడు పరుశురాం.

"వచ్చేశారు బాబూ," అంది బాలవాడి నడిపే సారమ్మ, రొప్పుతూ. "మన లాయరమ్మ ఫోన్లో ఏమన్నారు?"

"కోర్టు స్టే ఇచ్చిందట. కాయితం పట్టుకొని వస్తున్నది. గప్పటిదాక ఎట్లన్న ఆపమన్నది."

పరుశురాం ఇళ్ళు కూల్పిస్తున్న అధికారి దగ్గరికి పరిగెత్తాడు.

"స్టే వచ్చింది సార్. జర సేపు ఆగున్రి."

"కాయితం చూపించు, ఆగుతా."

"దారిలో ఉన్నది సార్."

"డ్రైవర్, నువ్వు కానీ."

తొండం బాలవాడి కప్పు మీదికి లేచింది. లేచినది లేచినట్టే ఆగింది. ఇంజను చప్పుడు కూడా ఆగిపోయింది.

డ్రైవరు కిందికి దిగాడు. నడివయసు మనిషి. చొక్కా చెమటతో వీపుకు అతుక్కుపోయింది.

"ఏమైందయ్యా?" కసిరాడు అధికారి.

"డీజిల్ వస్తలేదు సార్. చూస్త."

పానా పట్టుకుని బండి కిందికి దూరాడు.

పరుశురాంకు ఒళ్ళు మండిపోయింది. కూల్చినవాడు మళ్ళీ కూల్చడానికి బండి బాగు చేసుకుంటున్నాడు.

"బండి లేసిందంటే బాలవాడి పోయినట్టే," అన్నాడు చుట్టూ ఉన్నవాళ్ళతో. "వాన్ని బయటికి గుంజున్రి."

బస్తీ అంతా ఒక్కసారిగా ముందుకు ఉరికింది. పోలీసుల వరుస తెగిపోయింది. రాళ్ళు లేచాయి. క్యాబిన్ అద్దం భళ్ళుమంది. ఒక కానిస్టేబులు మూతి పగిలి రక్తం కారుతోంది.

డ్రైవరు బండి కింది నుంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు. మోచేతుల దాకా డీజిల్ కారుతోంది. మీదికొస్తున్న గుంపును చూసి పానా పారేసి, రెండు చేతులూ పైకెత్తాడు. ఏదో చెప్పబోయాడు. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు.

పరుశురాం చేతిలో పోచమ్మ గోడ ఇటుక ఉంది. బలంకొద్దీ విసిరాడు.

అది డ్రైవరు కణతకు తగిలింది. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఒకడు కర్రతో మోదాడు. ఇంకొకడు కడుపులో తన్నాడు.

"పేదోళ్ళ ఇండ్లు కూలగొడ్తవా?" అంటూ పరుశురాం కూడా కాలెత్తాడు. అతని చెప్పుకు రక్తం అంటింది.

అంతలో పోలీసులు మీద పడ్డారు. ఆడ, మగ చూడలేదు. పరుశురాం తలకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చెయ్యే విరిగింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినపడింది.

నేల మీద పడి చూస్తుండగా ఇంకో డ్రైవరు క్యాబిన్ ఎక్కాడు. తాళం తిప్పాడు. ఇంజను మూలిగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ మూలిగి చచ్చిపోయింది.

అలా కిందామీదా పడుతుండగానే లాయరు వైదేహి ఆటో దిగి, కాయితం పైకెత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఆసుపత్రిలో పరుశురాం కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన సారమ్మ ఉంది.

"బాలవాడి?"

"ఉంది బాబూ. పోచమ్మ ఇల్లొక్కటే పోయింది. అందరం కలిసి మళ్ళీ లేపుతాం. ఆ డ్రైవర్ని మీరు ఆపబట్టి సరిపోయింది గానీ, వాడు బండి బాగుచేసుంటే ఏమీ మిగిలేది కాదు."

పరుశురాంకు చెయ్యి సలుపుతున్నా మనసు తేలికపడింది. ఆమె మందులు తేవడానికి బయటికి వెళ్ళింది.

"వీరస్వామి మనుషులెవరు?" నర్సు అడిగింది.

పక్క మంచం దగ్గర కూర్చున్న ఒకామె లేచింది. అప్పుడు చూశాడు పరుశురాం. మంచం మీద ఉన్నది ఆ డ్రైవరే. తలంతా కట్లు. ముఖం ఉబ్బి గుర్తుపట్టేలా లేదు.

"ఆశ లేదమ్మా. చుట్టాలకు చెప్పుకోండి," అని నర్సు మెల్లగా చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె ఏడవలేదు. చాలాసేపు భర్త చేతిని పట్టుకుని కూర్చుంది. తర్వాత పరుశురాం వైపు తిరిగింది.

"తమ్మీ, నువ్వు గా బస్తీల నుంచేనా వచ్చింది?"

అవునన్నట్టు తల ఊపాడు.

"ఇండ్లు నిలవడ్డయా?"

దెప్పుతోందేమో అనుకున్నాడు. ఆమె ముఖంలో అలాంటిదేమీ లేదు.

"నిలవడ్డయక్కా. ఒక్కటే పోయింది."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని భర్త చెవి దగ్గరికి వంగింది.

"ఇన్నవా? ఇండ్లు నిలవడ్డయట. మాట పడిపోయేదాక గదే అడిగితివి గద. నువ్వు బండి కింద దూరి డీజిల్ పైపు ఊడగొట్టింది ఊకెనే పోలేదు."