నాలుక కింద నంబరు

"ఇందులో ఇంకో జత ఉందా బాబూ?"

సేల్స్‌మన్ తలెత్తాడు. మళ్లీ ఆ పెద్దాయనే. ఆ వారంలో అది మూడోసారి.

"ఏ సైజు కావాలి?"

"ఏదైనా ఫరవాలేదు."

బూట్ల షాపుకొచ్చి ఏ సైజైనా ఫరవాలేదనే మనిషిని ఏమనాలి? షాపువాళ్లు మాత్రం నంబరు తాత అన్నారు. బూటు చేతికి రాగానే ఆయన లేసుల కింద ఉండే దాని నాలుక పైకెత్తి, కింద అచ్చేసిన నంబరు చూసేవాడు. తనకి కావలసిన నంబరుంటే ఆరో సైజైనా కొనేవాడు, పదకొండైనా కొనేవాడు. లేకపోతే ఎంత మంచి బూటైనా పక్కన పెట్టేసేవాడు. కాలికి తొడిగి చూసింది ఒక్కసారీ లేదు.

"మనిషా, జెర్రా? ఇన్ని కాళ్లెక్కడివి?" అనేది క్యాషు కౌంటర్లో అమ్మాయి.

సేల్స్‌మన్‌కి మాత్రం ఒళ్లు మంట. తన పనంటే అతనికి గర్వం. నడిచొచ్చే తీరు చూసి సైజు చెప్పేస్తాడు. సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది కాబట్టి పొద్దున్నే బూట్లు కొనొద్దంటాడు. మందపాటి సాక్సు తొడిగించి, మడమ వెనక వేలు దూర్చి చూసి, ఏటవాలు చెక్క మీద పైకీ కిందికీ నడిపించిగానీ డబ్బా కట్టడు.

"ఆ రకంలో ఒక్కటే మిగిలింది తాతగారూ. అదీ అమ్ముడైపోయింది."

అబద్ధం. ఆ జత కౌంటరు కిందే ఉంది. తొమ్మిదో సైజు. తమ్ముడి కోసం దాచాడు. తమ్ముడికి కొండ మీద లైన్‌మన్‌గా ఉద్యోగం వచ్చింది. ఎల్లుండే చేరాలి. మంచులో నడిచి కరెంటు స్తంభాలెక్కే పని. షాపు మొత్తంలో అంతకన్నా వెచ్చటి బూట్లు లేవు.

పెద్దాయన మొహం పాలిపోయింది.

"ఎవరు తీసుకున్నారు?"

"ఎవరో."

"అడ్రసేమైనా ఉందా?"

"ఎందుకండీ? వెళ్లి వాళ్ల కాళ్ల నుంచి లాక్కుంటారా?"

క్యాషు అమ్మాయి కిసుక్కున నవ్వింది. పెద్దాయన నవ్వలేదు.

"మళ్లీ కనిపిస్తే, ఆ బూట్లేసుకుని కొండెక్కొద్దని చెప్పు బాబూ. ఊళ్లో తిరగడానికైతే పర్లేదు. మంచుకి ఆ సోలు ఆగదు."

"ఆగని సోళ్లయితే మీరు మా షాపులోనే పదకొండు జతలెందుకు కొన్నారు?"

ఆయన ఏదో చెప్పబోయాడు. ఓనరు అటు నుంచి గట్టిగా అన్నాడు: "పెద్దాయనా! కొంటే కొనండి. మా బేరాలు చెడగొట్టకండి."

పెద్దాయన గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"చెప్తావు కదూ?"

"ఆ, చెప్తాలెండి."

అందని ద్రాక్షపళ్లు పుల్లన అన్నట్టుంది వ్యవహారం అనుకున్నాడు సేల్స్‌మన్.

సాయంత్రం తమ్ముణ్ని షాపుకి పిలిపించాడు. వేలు దూర్చి చూశాడు. చెక్క మీద నాలుగుసార్లు నడిపించాడు.

"ఎలా ఉందిరా?"

"కాలితో పుట్టినట్టుంది అన్నయ్యా!"

పెద్దాయన మాట తమ్ముడికి చెప్పనేలేదు.

ఇరవై రోజులకి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

కొండవాలులో కుడి బూటు నోరు తెరిచిందట. పది అడుగులు వేసేసరికి సోలు పూర్తిగా ఊడిపోయింది. సాయం చేరడానికి నాలుగు గంటలు పట్టింది. మంచుకి చచ్చుబడిన కుడికాలి ఐదు వేళ్లూ తీసేశారు.

"నొప్పిగా ఉందా?" ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని అడిగాడు సేల్స్‌మన్.

"లేదన్నయ్యా. అసలేమీ తెలియట్లేదు." కాలి కట్టు వైపు చూస్తూ అడిగాడు తమ్ముడు. "మళ్లీ స్తంభం ఎక్కగలనంటావా?"

సేల్స్‌మన్ దుప్పటి సర్ది బయటికొచ్చాడు. అతనికీ ఏమీ తెలియట్లేదు. ఏడుపు రాలేదు. ఇంటికెళ్లి అన్నం తిన్నాడు. మర్నాడు షాపుకెళ్లాడు. ఎనిమిదో సైజు అడిగినవాడికి ఎనిమిదే ఇచ్చి పంపాడు. వేలు దూర్చి చూడలేదు.

నాలుగో రోజు గ్యారంటీ కార్డుల కట్ట విప్పి పెద్దాయన అడ్రసు పట్టుకున్నాడు. ముందే ఎలా తెలిసిందో అడగాలి. తెలిసినవాడు కొట్టి అయినా ఎందుకు చెప్పలేదో నిలదీయాలి.

రెండో అంతస్తులో ఇల్లు. పెద్దాయన భార్య తలుపు తీసింది.

"ఆయన లేరు బాబూ. గుండె ఆగిపోయింది. వారమైంది."

ముందుగది గోడ పొడవునా బూట్లు. ఒక్కదానికీ సోలు లేదు. అన్నీ ఊడబీకి పక్కన పేర్చి ఉన్నాయి.

"నేను బూట్ల షాపు నుంచి వచ్చానమ్మా. ఇన్ని జతలు ఎందుకు కొన్నారాయన?"

"ఇంకెవరూ కొనకూడదని." ఆవిడ గొంతులో తడి లేదు. "మొదట్లో ప్రతి షాపులోనూ ఉన్నమాట చెప్పేవారు. ఒకడు మెడపట్టి గెంటాడు. కంపెనీవాళ్లు చూద్దాంలే అన్నారు. అప్పట్నుంచి కిక్కురుమనకుండా పింఛనుతో కొనుక్కొచ్చేవారు. ఆ నంబరువి ముప్పై తొమ్మిది జతలు దొరికాయి. నలభయ్యోది అమ్ముడైపోయిందని తెలిసిన రోజు మంచినీళ్లు కూడా ముట్టలేదు."

సేల్స్‌మన్ ఊడబీకిన సోలొకటి చేతిలోకి తీసుకున్నాడు.

"సోలు ఆగదని ఆయనకెలా తెలుసమ్మా?"

ఆవిడ అతనివైపు వింతగా చూసింది.

"ముప్పై ఏళ్లు ఈ బూట్ల ఫ్యాక్టరీలో సోళ్లు అతికించిన మనిషి బాబూ, రిటైరయ్యే రోజు, సన్మానానికి టైమైపోతోందని అందరూ తొందరపెడితే, జిగురు ఆరకుండానే తన చేత్తో ఒత్తేసిన జతలివి."