అన్న పాంటు

అమ్మడు పెట్టె మూత వేసి వెనక్కి తిరిగేసరికి, గుమ్మంలో తండ్రి అసిరయ్య నిలబడి ఉన్నాడు.

కొడల ఊళ్లో ఎవరు పాత బట్టలు తెచ్చినా విప్పి, తిప్పి, కొత్తగా కుట్టి ఇచ్చే దర్జీ అతను. చనిపోయిన కొడుకు బట్టలున్న ఆ పెట్టెను మాత్రం ఎవరినీ ముట్టనివ్వడు. ఇప్పుడు అమ్మడు వేసుకున్నది ఆ కొడుకు పాంటే.

"ఇప్పు," అన్నాడు.

"ఛత్రపూర్‌ల పోలీసు ఉద్యోగానికి ఇయ్యాలే పరుగు పరీచ్చ నాన్నా. లంగాతోటి ఎలాగ పరిగెడతాను?"

"ఇప్పమన్నానా!"

"ఆడపిల్లనని వొద్దంటన్నావా?" అంది అమ్మడు. "పెట్టెల పురుగులు తినేసినా పర్నేదు గానీ, నాకు మాత్రం ఇయ్యవు!"

అసిరయ్య గుమ్మం వదలలేదు. రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. అమ్మడు ఏడుస్తూ లోపలికి వెళ్లి, లంగా కట్టుకొని వచ్చి, పాంటును కుట్టు మిషను మీద పడేసింది.

అతను దాన్ని ఒళ్లో పెట్టుకొని కాసేపు నిమిరాడు. తర్వాత కత్తెర అందుకున్నాడు.

"నాన్నా, కొయ్యకు!" అమ్మడు అతని చెయ్యి పట్టుకుంది.

"మీ అన్న పొడుగమ్మా. ఇలాగే ఏసుకోని పరిగెడితే, కాళ్లకి అడ్డంపడి బోర్లా పడతావు."

కత్తెర గుడ్డలోకి దిగింది.

"ఈ బస్సు పోతే పోనీ, ఎనకదానికి ఎల్దాం. నానూ వస్తాను. ముందు ఆ సూదిల దారం ఎక్కించమ్మా. నాకు కళ్లు అవుపడ్డం నేదు."