పెద్దాయన గొంతు కావలెను

పోటీలో చివరికి ముగ్గురు మిగిలారు. మూగాయన వంతు మూడోది.

వీధివాళ్లు పెట్టిన పేరు అది. నిజానికి అతనికి మాట శుభ్రంగా వచ్చు. రేడియో స్టేషన్లో ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. బయట ఎవరైనా పలకరిస్తే తలూపుతాడు, మరీ తప్పకపోతే గుసగుసగా ఒక ముక్క అంటాడు. ఇంట్లో మాత్రం సరదాకి పెద్దాయన గొంతుతో మంచినీళ్లు అడుగుతాడు.

"ఆ గొంతుతో అడక్కండి బాబూ, లేచి నిలబడాలనిపిస్తుంది," అంటుంది భార్య.

పెద్దాయనంటే పార్టీని పుట్టించి, దేశాన్ని ముప్పై నాలుగేళ్లు ఏలి, కిందటేడు కన్నుమూసిన నాయకుడు. ఆయన్ను కళ్లారా చూసినవాళ్లు తక్కువ. రేడియోలో విననివాళ్లు లేరు. ఇప్పుడు ఆయనకు స్మారక భవనం కట్టారు. ఆయన చెప్పాలనుకుని చెప్పకుండా పోయిన మాటలన్నీ పార్టీవాళ్లు రాసి సిద్ధంగా ఉంచారు. వాటిని ఆయన గొంతుతో పలికే మనిషి కావాలి. ఆ మనిషి పేరు గుమ్మం పక్కన రాతి మీద చెక్కుతారు.

మూగాయనకు కావలసింది ఆ చెక్కుడే. అన్నేళ్ల సర్వీసులో అతని పేరు ఎక్కడా పడలేదు. ఆ సంగతి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"ఒక్కసారి పడితే చాలే," అన్నాడు పొద్దున, చొక్కా ఇస్త్రీ చేస్తున్న భార్యతో. ఆవిడ కాలరు మళ్లీ ఇస్త్రీ చేసింది.

మైకు ముందు కూర్చుని, ఇచ్చిన కాగితం చదివాడు. అద్దానికి అవతల పార్టీ ప్రచార కార్యదర్శి కళ్లు మూసుకుని విన్నాడు. పెద్దాయన ప్రసంగాల మీద నాలుగు పుస్తకాలు రాసిన మనిషి.

"గొంతు దగ్గర దగ్గరగా ఉందండీ," అన్నాడు బయటికొచ్చి. "కానీ త్యాగం వినబడటం లేదు."

"ఎక్కడ తగ్గిందంటారు?"

"'సోదరులారా' అన్నాక మీరు ఊపిరి పీల్చారు. పెద్దాయన పీల్చరు. ఆయన జైలుకెళ్లిన మనిషి, మీరేమో జీతానికి పనిచేసిన మనిషి. ఆ తేడా ఎక్కడికి పోతుంది చెప్పండి."

మూగాయన నోరు తెరిచాడు. అలవాటు ప్రకారం మళ్లీ మూసుకున్నాడు.

రాతి మీదికి ఒక డ్రామా మాస్టారి పేరు వెళ్లింది. మూగాయన ఇంటికి వెళ్లకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అది చూసి కార్యదర్శికి జాలేసింది. అలమారలోంచి పాత టేపు తీసి పెట్టాడు.

"పార్టీ రజతోత్సవం నాడు రేడియోలో వచ్చింది. మైకు ముందున్న పెద్దాయనకు గ్లాసుతో మంచినీళ్లు అందించింది నేనే. చెవులు రిక్కించి వినండి, అసలు గొంతంటే ఏమిటో మీకే తెలుస్తుంది."

మూగాయన చేతులు కట్టుకుని నిలబడి ఆఖరు దాకా విన్నాడు.

ఆ రజతోత్సవానికి ఏడేళ్ల ముందే పెద్దాయనకు మాట పడిపోయింది, టేపులో మాట్లాడుతున్నది మూగాయనే.